సమీకరణము నడుగవలసిన రెండు ప్రశ్నలు

ఎట్టి సమీకరణము కంటబడినను తక్షణమే దానిని సాధింపబూనుట మన విద్యార్థుల కలవాటు. పలకాబలపముల నాటినుండియు మనము వారికి నేర్పినది యదియే గదా! కూడుము, తీసివేయుము, ఉభయపక్షములను భాగింపుము, జవాబు వ్రాసి క్రింద గీత గీయుము. ఈ యలవాటుతో పదవ తరగతి వఱకు ఎట్లో సాగిపోవును. కాని కళాశాలలో చేరి పాక్షిక అవకలన సమీకరణములను పుస్తకమును తెఱచినంతనే మొదటి అభ్యాసమునందు, ఈ క్రింది సమీకరణముల క్రమమును తెలుపుము, అవి రేఖీయములో కావో చెప్పుము, అని యుండును. సాధింపుమని యుండదు. ఒక సంఖ్యయు, ఒక మాటయు వ్రాసిన చాలును. అప్పుడు మన విద్యార్థికి అనుమానము పుట్టును.

సెలవులలో మమ్ము చూడవచ్చు పూర్వవిద్యార్థులలో గణితము చదువువారు పలువురు ఈ సంగతినే యడుగుచున్నారు. "మాస్టరుగారూ, మందియ్యక రోగము పేరు మాత్రమే చెప్పిన నేమి లాభమండీ?" అని క్రిందటి క్రిస్మసునకు వచ్చిన యొక అమ్మాయి యడిగినది. రోగమేదో తెలియక మందెట్లిత్తురమ్మా యని మేమంటిమి. ఆమె నవ్వి యూరకుండెను. అయినను మేము చెప్పినది ఉపమానమే గాని కారణము కాదు. ఆమె యడిగినది కారణము. అందుచేత దానిని ఈ సంచికయందు కొంచెము విపులముగా వ్రాయదలచితిమి. ఇది కళాశాలవారి గొడవ యని ఉన్నత పాఠశాల విద్యార్థులు పుటను త్రిప్పవలదు. త్రైరాశికమును, రెండు చరరాశుల రేఖీయ సమీకరణములను ఎఱిగినవారికి ఇందులో సగము తెలిసినదే.

మనుష్యుని చూచినంతనే కులమేమని యడుగుట క్రైస్తవధర్మము కాదు. మన పాఠశాలయందు దానిని మేమొప్పము. సమీకరణమును మాత్రము దాని యింటిపేరడుగకుండ లోనికి రానీయరాదు.

పాక్షిక అవకలన సమీకరణ మన నేమో ముందు చెప్పవలెను. పొయ్యిమీది పులుసులో ఇనుపగరిటె నుంచి మఱచితి మనుకొనుడు. కొంతసేపటికి పిడి చేతికి చుఱుక్కుమనును. గరిటెయందు ఒక్కొక్కచోట ఒక్కొక్క వేడిమి. అదేచోటనైనను క్షణక్షణమునకు వేఱు వేడిమి. అనగా వేడిమి చోటు, కాలము అను రెండింటిపై ఆధారపడియున్నది. చోటును కదల్పక కాలమును మాత్రమే పోనిచ్చి వేడిమి యెంత వడిగా మాఱుచున్నదో చూచిన నది యొక పాక్షిక అవకలజము. కాలమును నిలిపి గరిటె పొడవున ముందునకు పోవుచు వేడిమి యెట్లు మాఱుచున్నదో చూచిన నది మఱియొకటి. ఇట్టి అవకలజములకు నడుమ గల సంబంధమును తెలుపునదే పాక్షిక అవకలన సమీకరణము. ఇందు తెలియని రాశి ఒక సంఖ్య కాదు. గరిటె యంతటి వేడిమియు, అన్ని క్షణముల వేడిమియు కలిసిన యొక ప్రమేయము.

గరిటె పాటించు నియమము మిక్కిలి సులభము. ఒకచోటి వేడిమి తన యిరుప్రక్కలనున్న చోట్ల సగటుకంటె తక్కువగా నున్నయెడల పెరుగును, ఎక్కువగా నున్నయెడల తగ్గును. పొరుగువారిని చూచి నడుచుకొనుట యనుకొనుడు. దీనిని గణితభాషలో వ్రాసినచో ఒక పక్షమున కాలమునుబట్టి ఒకమారు తీసిన అవకలజమును, రెండవ పక్షమున చోటునుబట్టి రెండుమారులు తీసిన అవకలజమును, దానికి గుణకముగా లోహపు స్వభావమును తెలుపు స్థిరసంఖ్యయు వచ్చును. ఫ్రాన్సు దేశీయుడగు ఫూరియే దీనిని 1807లో పారిసు పండితుల ముందుంచి, 1822లో గ్రంథముగా ప్రకటించెను.

ఇక మొదటి ప్రశ్న క్రమము. కళాశాలలో ఆర్డరందురు. సమీకరణమునందలి అవకలజములలో అన్నిటికంటె ఎక్కువమారులు తీయబడినది ఎన్నిమారులు తీయబడినదో ఆ సంఖ్యయే క్రమము. గరిటె సమీకరణమున కాలమునుబట్టి ఒకమారు, చోటునుబట్టి రెండుమారులు. కావున క్రమము 2. ఒకటియు రెండును కూడి మూడని వ్రాయువారు ప్రతి తరగతియందును కొందఱుందురు. వేఱువేఱు పదములను కూడరాదు, పెద్దదానినే చూడవలెను. అయితే ఒకే పదమున పొడవునుబట్టి ఒకమారు, వెడల్పునుబట్టి ఒకమారు అవకలనము జరిగినయెడల అచ్చట మాత్రము కూడవలసినదే. అది రెండవ క్రమపు పదము. మఱియొక చిక్కు కలదు. మొదటి అవకలజమును వర్గము చేసినంత మాత్రమున నది రెండవ క్రమముది కానేరదు. కాంతికిరణముల త్రోవను తెలుపు ఐకొనల్ సమీకరణమునందు మొదటి అవకలజముల వర్గములు కూడబడియుండును. అయినను దాని క్రమము ఒకటియే. ఇల్లు ఎన్ని అంతస్తులదని యడిగినప్పుడు గోడల మందము చెప్పుట యెట్టిదో, క్రమమడిగిన ఘాతమును చెప్పుట యట్టిది.

ఈ సంఖ్య తెలిసినందున ప్రయోజనమేమి? సమస్య మొదలుపెట్టుటకు ముందుగా మనము ఎన్ని సంగతులు చెప్పవలెనో అది తెలుపును. వీణ తంత్రిని తీసికొందము. బిగించిన తంత్రి కదలికకు సమీకరణమును డాలంబేర్ అను ఫ్రెంచి పండితుడు 1747లో కనుగొనెను. అందు కాలమునుబట్టి రెండుమారులు, పొడవునుబట్టి రెండుమారులు అవకలనము కలదు. క్రమము మఱల 2. గరిటెకును తంత్రికిని క్రమ మొక్కటియే గనుక రెండును ఒక్కతీరున నడుచునని యనుకొనవలదు. క్రమమును ఒక్కొక్క చరరాశికి వేఱుగా కూడ చూడవలెను. గరిటెకు కాలమునుబట్టి ఒకటే అవకలజము. కావున ఆరంభక్షణమున ఏచోట ఎంత వేడిమియో చెప్పిన చాలును. తంత్రికి రెండు చెప్పవలెను. ఆ క్షణమున తీగ యే ఆకారమున నున్నది, ఏ వేగమున కదలుచున్నది. వీణను మీటునప్పుడు వ్రేలు తీగను ప్రక్కకు లాగి విడుచును. అప్పుడు ఆకారము కలదు, వేగము సున్న. పియానోలో చిన్న సుత్తి వచ్చి తీగను కొట్టును. అప్పుడు ఆకారము సరళరేఖయే, వేగము కలదు. సమీకరణమొక్కటే యైనను నాదములు వేఱగుటకు ఇదియొక కారణము. ఈ రెండు సంగతులలో ఒకటి చెప్పక విడిచినచో తీగ ముందేమి చేయునో గణితము చెప్పజాలదు. మూడవది కూడ చెప్పబోయిన, అది తక్కిన రెండింటితో పొసగకపోవచ్చును. అప్పుడు ప్రశ్నయే నిలువదు.

ఈ లెక్క మహాపండితులకు కూడ చిక్కు తెచ్చినది. క్లాడ్ని యను జర్మను శాస్త్రజ్ఞుడు పలుచని లోహపు పలకపై ఇసుక చల్లి, దాని యంచును ఫిడేలు కమానుతో గీసి, ఇసుక ముగ్గులవలె ఏర్పడుటను ఊరూర చూపుచుండెను. ఆ ముగ్గులకు గణితకారణము చెప్పినవారికి బహుమానమిత్తుమని పారిసు పండితసభవారు ప్రకటించిరి. సోఫీ జెర్మేన్ అను స్త్రీ మూడుమారులు వ్యాసములు పంపి, 1816లో దానిని గెలిచెను. ఈమె కథను మన బాలికల తల్లిదండ్రులు చెవియొగ్గి వినవలెను. స్త్రీలకు కళాశాల ప్రవేశము లేని దినములవి. ఆమె లెబ్లాన్ అను పురుషుని పేరు పెట్టుకొని లాగ్రాంజ్, గాస్ వంటి వారికి జాబులు వ్రాసి గణితము నేర్చెను. రాత్రి చదువు మాన్పవలెనని యింటివారు ఆమె గదినుండి దీపము తీసివేయుచుండిరని చెప్పుదురు. మన యిండ్లలో దీపము తీసివేయువారు లేరు గాని, పదవ తరగతి కాగానే చదువే తీసివేయువారు ఇంకను కొందఱు గలరు.

పలక సమీకరణము నాలుగవ క్రమముది. దాని యంచు దేనికిని బిగింపబడక వదలుగా నున్నప్పుడు ఆ యంచునొద్ద ఎన్ని నియమములు చెప్పవలెనను ప్రశ్న వచ్చెను. పాయిజాన్ మూడు కావలెననెను. ఒక్కొక్కటి విడిగా చూచిన ఆ మూడును న్యాయముగానే తోచును. కాని నాలుగవ క్రమపు ఇట్టి సమీకరణమునకు ఒక అంచున పట్టునవి రెండే. 1850లో కిర్కాఫ్ అను జర్మను పండితుడు ఆ మూడింటిలో రెండు కలిసి ఒకటే యగునని చూపి తగవు తీర్చెను. ఇంటరు విద్యార్థులు విద్యుత్తు పాఠములో వినునట్టి కిర్కాఫ్ ఈయనయే.

మొదటి ప్రశ్నకు లెక్కింప నేర్చిన చాలును. రెండవదానికి కొంచెము చూపు కావలెను. తెలియని రాశియు దాని అవకలజములును మొదటి ఘాతమునందే యుండి, ఒకదానితో నొకటి గుణింపబడక, వర్గమూలము, సైను మొదలగువాని లోపల చేరక యున్నయెడల ఆ సమీకరణము రేఖీయము. ఈ నియమములలో ఏ యొక్కటి తప్పినను అరేఖీయము. నిర్వచనమింతే. దాని ఫలమేమో చూడుడు. రేఖీయమైన దానియందు, బయటినుండి వచ్చి కలియు పదము లేనప్పుడు, ఒక పరిష్కారమును మఱియొక పరిష్కారముతో కూడినచో వచ్చునది కూడ పరిష్కారమే. ఒకదానిని ఐదింతలు చేసినను పరిష్కారమే. ఇది మన త్రైరాశికమే గదా! పది మూరల గుడ్డకు ఇంత వెలయైన, ఇరువది మూరలకు అంతకు రెండింతలు. చెఱువులో రెండు రాళ్లు రెండుచోట్ల వేసి చూడుడు. చిన్న అలలు ఎదురెదురుగా వచ్చి, ఒకదానిలోనుండి మఱియొకటి దూరి, తమ దారిన తాము పోవును. కలిసినచోట ఎత్తులు కూడును. విడిపోయిన పిమ్మట దేని ఆకారము దానిదే.

ఫూరియే చేసిన గొప్ప పని ఈ కూడికయే. గరిటెయందలి వేడిమి మొదట ఎంత వంకరగా నున్నను, దానిని సులభమైన సైను అలల మొత్తముగా విడదీసి, ఒక్కొక్క అల యెట్లు చల్లారునో వేఱువేఱుగా కనుగొని, తిరిగి కూడవచ్చునని యాయన చూపెను. సమీకరణము రేఖీయము కాకున్న ఈ పద్ధతి మొదటి మెట్టుననే కూలును. విడదీయవచ్చును గాని తిరిగి కూడుటకు వీలులేదు.

ఇక్కడ విద్యార్థులు తఱచుగా తొట్రుపడు చోటొకటి యున్నది. గుణకము స్థిరసంఖ్య కాకపోయిన సమీకరణము అరేఖీయమని వ్రాయుదురు. దీనికి మేము మృదంగమును చూపుచుందుము. తప్పెట చర్మము అంతటను ఒక్కటే మందము. దాని అతిస్వరములు మూలస్వరమునకు పూర్ణసంఖ్యల నిష్పత్తిలో నుండవు. అందుచేత మ్రోత వినబడును గాని శ్రుతి యేర్పడదు. మృదంగపు కుడి మొగమున నడుమ నల్లని ముద్దను పొరలుపొరలుగా అంటింతురు. అచ్చట చర్మము బరువు. అంచునకు పోయినకొలది తేలిక. ఈ యేర్పాటుచేత అతిస్వరములు పూర్ణసంఖ్యల నిష్పత్తికి వచ్చుచున్నవని సర్ సి. వి. రామన్ గారు తమ సహకారితో కూడి 1920లో నేచర్ పత్రికయందు ప్రకటించిరి. రామన్ గారు బాల్యమున మన విశాఖపట్టణమున సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివినవారు. అదియు మనవలెనే మిషనువారి పాఠశాల యని చెప్పుకొనుటకు మాకు సంతోషము. సరే, ముద్ద అంటించిన చర్మపు సమీకరణమున గుణకము చోటునుబట్టి మాఱును. అయినను అది రేఖీయమే. రెండింతలు గట్టిగా వాయించిన నాదము రెండింతలగును గాని శ్రుతి మాఱదు. గుణకము చోటునుబట్టి గాని కాలమునుబట్టి గాని యెంత మాఱినను చింతలేదు. అది తెలియని రాశినే బట్టి మాఱునప్పుడు మాత్రము రేఖీయత పోవును. ఈ ఒక్క వాక్యమును మా విద్యార్థులచేత మేము పదేపదే చెప్పించుదుము.

అరేఖీయములలో మఱల తెగలు కలవు. అన్నిటికంటె పెద్ద క్రమపు అవకలజములు మొదటి ఘాతముననే యుండి, వాని గుణకములలో మాత్రము తెలియని రాశి చేరిన, దానిని రేఖీయప్రాయమందము. ప్రవహించు నీటికిని గాలికిని నావియర్ 1822లోను, స్టోక్స్ 1845లోను వ్రాసిన సమీకరణములు రెండవ క్రమమువి. వానియందు వేగము తన అవకలజముతో తానే గుణింపబడియుండును. ఆ యొక్క పదము మూలముగా నవి అరేఖీయములు. వానికి మూడు కొలతల ప్రదేశమున ఎల్లకాలమును సరియైన పరిష్కారమున్నదా లేదా యని తేల్చినవారికి పది లక్షల డాలర్లిత్తుమని అమెరికాలోని క్లే గణితసంస్థవారు 2000లో ప్రకటించిరి. ఇంతవఱకు ఎవ్వరును దానిని గైకొనలేదు. రెండవ క్రమపు రేఖీయ సమీకరణములను దీర్ఘవృత్త, పరావలయ, అతిపరావలయ జాతులుగా విభజించుటయు గలదు. అది కళాశాల గురువులు చెప్పుదురు.

ఇంతవఱకు వ్రాసినది వీణకును గరిటెకును చెందినది గనుక వినోదముగా తోచవచ్చును. ఈ భేదము ప్రాణములతో ముడిపడియున్న చోటును ఇప్పుడు చెప్పెదము.

2004వ సంవత్సరము డిసెంబరు 26, క్రిస్మసు మఱునాటి ఆదివారము. మన కాలమానమున ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా దీవి ప్రక్కన సముద్రగర్భము కదలెను. సుమారు రెండున్నర గంటలలో సునామీ అలలు మన తీరమును తాకెను. ముందుగా హెచ్చరిక యందలేదు. ఆంధ్రతీరమున నూఱుమందికి పైగా మరణించిరి. తమిళదేశపు తీరమున వేలకొలది. మేమప్పుడు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుంటిమి. వసతిగృహమున మా గదిలోనే యుండిన మిత్రుడొకడు జాలరి కుటుంబమువాడు. సెలవులు ముగిసి జనవరిలో అతడు తిరిగి వచ్చినప్పుడు తల గొరిగియుండెను. ఆ యుదయమున అతని తండ్రి నలుగురితో కూడి పడవలో చాల దూరము లోపలికి పోయి వల వేసియుండెనట. సముద్రము ఎప్పటివలెనే యుండెను. ఏ యలయు వారిని కుదుపలేదు. మధ్యాహ్నము తిరిగి వచ్చుసరికి ఒడ్డున గుడిసెలు లేవు, వలలు లేవు. ఇసుకపై కూర్చుండి వల అల్లుకొనుచున్న చిన్నకుమారుడు, మా మిత్రుని తమ్ముడు, మూడవనాడు దొరికెను.

"మా నాయన సముద్రమును తిట్టుట లేదు. నా పడవ క్రిందనుండియే పోయినది గదా, ఒక్క ఆనవాలైన ఇయ్యలేదేమని మాత్రము అడుగుచున్నాడు," అని మా మిత్రుడు చెప్పెను. మేమిద్దఱమును ఆ ప్రశ్నకు జవాబును ఓదార్పు మాటలలో గాక మా గణిత పుస్తకములలోనే వెదకితిమి. అప్పటికి అదియే మాకు చేతనైన పని.

జవాబు ఈ విధముగా నున్నది. ఇట్టి పొడవైన అల వేగము నీటి లోతునుబట్టి యుండును. లోతును గురుత్వ త్వరణముచే గుణించి వర్గమూలము తీసిన వేగము వచ్చును. బంగాళాఖాతమున 3000 మీటర్ల లోతున్నచోట అల గంటకు 600 కిలోమీటర్లకు పైగా పోవును. 10 మీటర్ల లోతునకు వచ్చుసరికి గంటకు 36 కిలోమీటర్లు మాత్రమే. ఆ దినమున భూమి చుట్టు తిరుగుచున్న జేసన్ అను ఉపగ్రహము బంగాళాఖాతము మీదుగా పోవుచు, నడిసముద్రమున అల యెత్తు సుమారు 60 సెంటీమీటర్లని కొలిచినది. మూరెడు పైచిలుకు. అదియు ఒక్కమారుగా లేచినది కాదు. వందల కిలోమీటర్ల పొడవున, పలు నిమిషములపాటు మెల్లమెల్లగా లేచి మెల్లమెల్లగా దిగినది. పడవలోని మనుష్యునికి ఎట్లు తెలియును?

ఇప్పుడు సమీకరణమును చూడుడు. నిజమునకు గుణకముగా రావలసినది నీటి మొత్తపు లోతు, అనగా అల లేనప్పటి లోతును, అల యెత్తును కలిపినది. అల యెత్తే మనకు తెలియని రాశి. కావున సమీకరణము అరేఖీయము. కాని నడిసముద్రమున 3000 మీటర్లకు 60 సెంటీమీటర్లు కలిపినను కలుపకపోయినను భేదమేమి? ఐదువేలలో ఒక వంతు. దానిని విడిచిపెట్టవచ్చును. విడిచినచో గుణకము చోటునుబట్టి మాత్రమే మాఱును. మన మృదంగపు చర్మమువలె సమీకరణము రేఖీయమగును. ఒడ్డునొద్ద సంగతి వేఱు. నీరు 3 మీటర్ల లోతుండగా దానిమీద 2 మీటర్ల అల వచ్చిన, విడిచిపెట్టుటకు వీలేది? అల శిఖరము క్రింద లోతు ఐదు మీటర్లు, దాని ముందు మూడే. శిఖరము వేగముగా, పాదము మెల్లగా నడుచును. వెనుకది ముందుదానిపై పడును, అల నిట్రముగా లేచి విఱుగును. అదే నీరు, అదే అల. తండ్రి యుండినచోట రేఖీయము. కుమారుడు కూర్చున్నచోట అరేఖీయము.

ఈ సంగతి హెచ్చరిక చేయువారికి మిగుల ముఖ్యమైనది. భూకంపము వచ్చిన పిమ్మట లెక్క మొదలుపెట్టిన, లెక్క ముగియుటకు ముందే అల తీరమును చేరవచ్చును. కాని నడిసముద్రపు సమీకరణము రేఖీయము గనుక లెక్కను ముందే చేసి యుంచుకొనవచ్చును. అమెరికాలోని సముద్ర, వాతావరణ శాఖవారి పద్ధతి యిది: సముద్రగర్భమున భూమి పగులు పంక్తులను 100 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు గల ముక్కలుగా విభజింతురు. ఒక్కొక్క ముక్క ఒక్క మీటరు జరిగిన నెట్టి అల పుట్టునో తీరికగా గణించి భద్రపఱతురు. నిజముగా భూకంపము వచ్చినప్పుడు ఏయే ముక్కలు ఎన్నేసి మీటర్లు జరిగినవో అంచనా వేసి, ఆయా అలలను ఆయా సంఖ్యలచే గుణించి కూడుదురు. కూడికయు గుణకారమును, మఱేమియు లేదు; త్రైరాశికము నేర్చిన పిల్లవాని పని. అల ఒడ్డును సమీపించిన పిమ్మట మాత్రము ఈ యుపాయము చెల్లదు. అచ్చట కూడిక పనికిరాదు గనుక, నీరెంత దూరము ఊరిలోనికి వచ్చునో అరేఖీయ సమీకరణమును పట్టుకొని ఒక్కొక్క తీరమునకు వేఱుగా గణింపవలెను. మన దేశమున 2007 అక్టోబరులో హైదరాబాదునందలి మహాసముద్ర సమాచార కేంద్రమున సునామీ హెచ్చరిక శాఖ నెలకొల్పబడినది. వారును ముందుగా గణించిన అలల భాండారము నుంచుకొని, భూకంపము సంభవించిన పది నిమిషముల ప్రాంతమున మొదటి వార్తను పంపగలుగుచున్నారు. మందియ్యక పేరు మాత్రమే చెప్పిన నేమి లాభమని యడిగిన అమ్మాయి ఈ భాగమును రెండుమారులు చదువునని మా యాశ.

మా మిత్రుడు ఇప్పుడు తీరప్రాంతపు పాఠశాల యొకదానిలో గణితోపాధ్యాయుడు. తండ్రి పెద్దవాడై సముద్రము మీదికి పోవుట మానెను. కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలమున అతడు తండ్రియొద్ద కూర్చుండి, ఇసుకమీద పుల్లతో గీచి, పడవ క్రింది నీటి సంగతియు, ఒడ్డు సంగతియు, హైదరాబాదులో భద్రపఱచిన లెక్కల సంగతియు చెప్పెనట. ముసలాయన కడవఱకు విని, సుమత్రానుండి మన యొడ్డునకు ఎంతసేపని యడిగెను. రెండున్నర గంటలు నాయనా, అనెను కుమారుడు. కబురు వచ్చుటకెంతసేపు? పది నిమిషములు. ఆయన వ్రేళ్లపై లెక్క వేసికొని, "రెండు గంటల ఇరువది నిమిషములు," అనెనట.